ప్రభావతి రాస్తున్నారు

పుంగనూరులో ఒకామె ఆదరణ కూడికలో మొదటి పేజీ ఆమె జీవితం, రెండో పేజీ వేరే ఒకామె జీవితం చదివేశారు. చదివిన పాస్టరుగారికి తెలియలేదు. విన్న జనానికీ తెలియలేదు. అందరూ ఆమెన్ అని లేచి భోజనాలకు వెళ్లారు. విస్తరి ముందు కూర్చున్నాక, చనిపోయినామె చెల్లెలికి ముద్ద గొంతులో ఆగింది.

"మా అక్కకు ముగ్గురు కొడుకులని చదివినాడేందప్పా? ఉండేది ఇద్దరే గదా!"

ఆ కాగితాలు అచ్చువేసింది మా ప్రెస్సే. తప్పెవరిదని నన్ను అడగొద్దు. రెండు పేజీలు కలిపి పిన్ను కొట్టేటప్పుడు నేనక్కడ లేను.

నా పేరు అమరావతి. మదనపల్లెలో లక్ష్మీపతి గారి ప్రెస్సులో తప్పులు దిద్దే పని నాది. పెళ్లి పత్రికలు, టమోటా మండీల బిల్లు పుస్తకాలు, స్కూలు పిల్లల ప్రోగ్రెస్ కార్డులు, ఏదైనా సరే నా ఎర్ర పెన్ను కిందుగానే మెషిను మీదికి పోవాలి. కానీ మా ప్రెస్సుకు పేరు తెచ్చింది మాత్రం జ్ఞాపక పత్రికలు. మా వైపు క్రైస్తవుల ఇళ్లలో మనిషి పోయిన కొన్నాళ్లకు ఆదరణ కూడిక పెడతారు. పోయినవాళ్ల జీవితాన్ని అచ్చువేయించి, అందరి ముందూ చదివించి, తలా ఒక కాగితం పంచుతారు. వచ్చినవాళ్లు దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుంటారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మధ్య ఎన్ని బైబిళ్లలో నేను దిద్దిన జీవితాలు నిద్రపోతున్నాయో నాకే తెలియదు.

ఊళ్ల నుంచి జనం బస్సులెక్కి రానక్కర్లేకుండా లక్ష్మీపతి గారు ఈ కాగితాల కోసమే ఒక వెబ్‌సైటు చేయించారు. ఫోనులో తెరిస్తే గళ్లు కనిపిస్తాయి. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్లి, ఉద్యోగం, పిల్లలు, ప్రభువునందు నిద్రించిన రోజు. గళ్లు నింపి బటన్ నొక్కితే జీవితం తయారు. అది పొడిపొడిగా ఉంటుందని చివర మూడు వాక్యాలు వెబ్‌సైటే అతికించేది. "శాంత స్వభావురాలు. పాటలు మధురంగా పాడేవారు. అందరికీ తల్లి వంటివారు." మగవాళ్లకైతే తండ్రి వంటివారు. అంతే తేడా. పుంగనూరులో పేజీలు తారుమారైనా చదివేటప్పుడు ఎవరూ కనిపెట్టలేదంటే ఎందుకు కనిపెడతారు?

ఆ గళ్లు కట్టింది సోఫియా.

సోఫియా మా ఊరి పక్కనే అంగళ్లు అనే ఊళ్లో ఉన్న కాలేజీలో ఇంజనీరింగు చదివింది. చదువు అయ్యాక బెంగళూరు బస్సెక్కని ఇంజనీరును మా ఊళ్లో కాస్త అనుమానంగానే చూస్తారు. ఆ పిల్ల ఎక్కలేదు. పిలిస్తే రెండో పిలుపుకు పలికే రకం. కంప్యూటరు ముందు కూర్చుని కిటికీలోంచి హార్సిలీ కొండ వైపు చూస్తూ ఉండేది. పని చేస్తోందా, పగటి కలలు కంటోందా అని లక్ష్మీపతి గారికి నిత్యం సందేహం. నాకు ముక్కు మీదే కోపం కదా, "ఏం పాపా, కొండ ఏమైనా రాసిస్తాదా?" అనేదాన్ని. "ఇస్తాదక్కా, కొంచేపు ఆగితే" అనేది నవ్వుతూ. ఆ నవ్వుతో నా కోపం కాస్తా నీరుగారిపోయేది.

వాళ్లమ్మానాన్నలు కుప్పంలో ఉంటారు. నాన్న గ్రానైటు ఫ్యాక్టరీలో పని. ఆ పిల్లను పెంచింది మాత్రం మదనపల్లెలో వాళ్లవ్వ ప్రభావతి. అవ్వ మిషను ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో పనిచేసేది. తాత సత్యవేదం ఆసుపత్రి జీపు నడిపేవాడు. ముగ్గురూ ఆసుపత్రి వెనక చిన్న క్వార్టర్సులో ఉండేవాళ్లు. ఉతికిన దుప్పట్లు పెరట్లో తీగల మీద వరసగా ఆరేవట. వాటి మధ్యలోకి దూరితే లోకమంతా తెల్లగా అయిపోయేదని, నెత్తిన నీలం ముక్క తప్ప ఏమీ కనిపించేది కాదని, అవతల నుంచి అవ్వ గొంతు ఒక్కటే వినిపించేదని సోఫియా చెప్పేది. ఎండకు వేడెక్కిన తడి గుడ్డ వాసన ఇప్పటికీ కలలోకి వస్తుందట.

తాత గురించి చెప్పడానికి ఆ పిల్ల దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆయన నోట మాట రావడం గగనం. ఇంటికెవరైనా వచ్చి "ఏం సత్యవేదం, బాగుండావా?" అంటే, "బాగుండాడు, నిన్న కొంచెం దగ్గు" అని అవ్వే జవాబు చెప్పేది. ఆయన తలూపేవాడు. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేసేది. రిటైరయ్యాక ఇద్దరూ కుప్పంలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి ప్రతిరోజూ మధ్యాహ్నం సోఫియా ఫోనుకు అవ్వ నుంచి ఒక మెసేజి వచ్చేది. "తిన్నావా పాపా." అది వచ్చాకే ఆ పిల్ల క్యారియర్ తెరిచేది. రాకపోతే ఆకలి కూడా గుర్తుండదు.

పుంగనూరు సంగతి తెలిసిన రోజు సోఫియా కొండ వైపు చూడలేదు. తల వంచుకుని కూర్చుంది.

"గళ్లు తీసేస్తానక్కా" అంది చివరికి. "గళ్లు ఉంటే అందరూ ఒకే మాదిరి బతికినట్టే ఉంటాది. తెల్ల కాగితం పెడతా."

"వెబ్‌సైటులో కాగితమా?"

"ఎడిటర్ అంటారక్కా. వర్డ్ ఉండాదే, అట్లాంటిదే మన వెబ్‌సైటు లోపలే. లావు అక్షరాలు, కింద గీత, పేజీలు, అన్నీ ఉంటాయి. మదనపల్లెలో ఒకరు, కుప్పంలో ఒకరు, యాడోళ్లు ఆడనే కూసోని ఒకే కాగితం మీద రాయొచ్చు. ఒకరు రాసేది ఇంకొకరికి అప్పుడే కనపడతాది."

వినడానికి తేలిగ్గానే ఉంది. చేయడానికి ఒక చలికాలం, ఒక ఎండాకాలం పట్టింది. మొదట్లో తెలుగు అక్షరం దాని చేతిలో బతికేది కాదు. ఒత్తు తుడిస్తే మొత్తం అక్షరం ఎగిరిపోయేది. వాట్సాప్ నుంచి తెచ్చి అతికిస్తే రంగురంగుల పూలు కూడా వెంట వచ్చేవి. నేను నా పాత డీటీపీ ఫైలు ఒకటి తెచ్చి అతికిస్తే కాగితం నిండా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు పరుచుకున్నాయి. "ఏందిది, దయ్యం పట్టిందా దీనికి?" అన్నాను. పాత ఫాంట్లు అంతేనని, మార్చే దారి ఉందని సోఫియా ఓపిగ్గా చెప్పింది. దాని ఓపిక చూస్తే నాకు ఇంకా చిరాకు వేసేది.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఒకటుంది. రాసేవాళ్లు ఒక్కొక్కరికి ఒక్కో రంగు నిలువు గీత. గీత నెత్తిన వాళ్ల పేరు. ఎవరైనా అక్షరం కొడితే కాగితం పైన సన్నగా "ఫలానావారు రాస్తున్నారు" అని పడేది. మనిషి కనిపించడు, గీత మాత్రం నడుస్తూ ఉంటుంది. చూస్తూ ఉంటే కళ్లు మూతలు పడేంత హాయిగా ఉండేది. లక్ష్మీపతి గారు మాత్రం తన వ్యాపారం తాను చూసుకున్నారు. "కాగితం కింద రాసినోళ్ల పేర్లు దానంతట అదే పడిపోవాల. రేపు గొడవొస్తే ప్రెస్సు మీదికి రాకూడదు" అన్నారు. సోఫియా అదీ పెట్టింది.

కాగితం సిద్ధమయ్యాక మొదట దాన్ని తెరిచింది అవ్వే. సోఫియా అవ్వ నంబరుకు ఆమె పేరే పెట్టి, ఆకుపచ్చ గీత ఇచ్చి, లింకు పంపింది. ఫోను స్పీకరులో పెడితే నేనూ విన్నాను.

"తెల్లగా ఉండాది పాపా. ఏముండాది దీంట్లో? నాకు కండ్లు మసక."

"ఏమీ లేదవ్వా. నువ్వే రాయల్ల."

"దుప్పటి మాదిరుండాది. ఎవరు ఆరేసినారు?"

అవ్వ పెద్దగా నవ్వింది. వెనక ఎవరో దగ్గారు. కాసేపటికి మా తెర మీద ఆకుపచ్చ గీత మేల్కొంది. ఒక్కో అక్షరం నింపాదిగా వచ్చింది. "తిన్నావా పాపా." ఒక్క తప్పు లేదు. తప్పులు దిద్దేదాన్ని కాబట్టి నా చూపు ముందు అక్కడికే పోయింది.

తొలకరి వానలు మొదలైన వారంలో అవ్వ పోయింది. నిద్రలోనే పోయిందట. సోఫియా కుప్పం వెళ్లి, మట్టి చేసి, తిరిగొచ్చింది. "తాత సరిగ్గా తినడంలేదక్కా" అని ఒక్కటే అంది. ఆదరణ కూడిక శనివారం. శుక్రవారం సాయంత్రానికి కాగితాలు అచ్చు కావాలి. వాళ్ల నాన్న ఫోను చేసి, "అవ్వ జీవితం నువ్వే రాయల్ల పాపా. ఆమె చేతుల్లో పెరిగింది నువ్వే గదా" అన్నాడు.

సోఫియా తాను కట్టిన కాగితం తానే తెరిచి కూర్చుంది. తెల్లగా ఉంది. అలాగే ఉండిపోయింది.

మరునాడూ అంతే. దాని నీలం గీత మొదటి వరస మొదట్లో ఆరిపోతూ, వెలుగుతూ ఉండేది. ఒక మాట రాసేది, తుడిచేసేది. "ఒక్క వాక్యం రాయవే, తక్కినవి దానెంట అవే వస్తాయి" అని నేను కేకలేశాను. "యాడ మొదలుపెట్టాలక్కా? యాడ పట్టుకున్నా అవ్వ జారిపోతాండాది" అంది.

పుంగనూరులో పాల డెయిరీలో పనిచేసే జేసన్, అంటే సోఫియా మేనత్త కొడుకు, చూసి చూసి విసుగెత్తి కాగితంలోకి దిగాడు. పసుపు గీత చకచకా నడిచింది. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్లి, ఉద్యోగం, పిల్లలు. చివర, "శాంత స్వభావురాలు. పాటలు మధురంగా పాడేవారు. అందరికీ తల్లి వంటివారు." పాత వెబ్‌సైటు మాటలు వాడికి కంఠతా వచ్చేశాయి. ఎన్ని కూడికల్లో వినలేదు!

"ఇది మా అవ్వ కాదు" అంది సోఫియా ఫోనులో.

"మరి నువ్వు రాయి. శనివారం అందరి ముందర ఏం సదవల్ల? తెల్ల కాగితమా?" అన్నాడు జేసన్. వాడన్నదీ నిజమే.

శుక్రవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మెషిను ఆగింది. తడిసిన టమోటా లారీ ఒకటి వీధిలో మూలుగుతూ వెళ్లిపోయాక ఊరంతా సద్దుమణిగింది. సన్నగా వాన పడుతోంది. కొండ కనిపించడం లేదు, మబ్బే కొండలా కూర్చుంది. సోఫియా ల్యాప్‌టాప్ ముందు చెయ్యి గడ్డానికి ఆనించుకుని ఉంది. తెరవని క్యారియర్ పక్కనే ఉంది. నేను కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాను. సాయంత్రం దాకా చూసి, ఆ మూడు వాక్యాలతోనే అచ్చుకు పంపేయమని లక్ష్మీపతి గారు చెప్పి వెళ్లారు. అంటే పుంగనూరులో ఎవరి మీదైనా సరిపోయిన మాటలే రేపు కుప్పంలో ఈ అవ్వ మీదా కప్పేస్తారు.

"అక్కా" అని సోఫియా గుసగుసగా పిలిచింది.

తెర మీద ఆకుపచ్చ గీత ఉంది. పైన సన్నటి అక్షరాలు పడ్డాయి. "ప్రభావతి రాస్తున్నారు."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. గీత నెమ్మదిగా మూడు వాక్యాల దగ్గరికి నడిచింది. మొదటి వాక్యం దాటింది. రెండో దానిలో "మధురంగా" అనే మాట చివర ఆగింది. ఒక్కో అక్షరం తుడిచింది. ఆ ఖాళీలో ఇంకో మాట రాసింది.

"గట్టిగా."

పాటలు గట్టిగా పాడేవారు. సోఫియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు. అవ్వ చర్చిలో ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకుంటే, హార్మోనియం వాయించే ఆయన ఆమె వెంటబడి పరుగెత్తాల్సిందేనట. రాగం ఎటు పోతే ఆమెకేం? పాడటం ముఖ్యం.

గీత వెనక్కి నడిచి "శాంత స్వభావురాలు" తుడిచేసింది. "కోపం ఎక్కువ. పొద్దున వచ్చిన కోపం సాయంత్రానికి ఉండదు" అని రాసింది. తర్వాత "అందరికీ తల్లి వంటివారు" దగ్గర చాలాసేపు నిలబడింది. దాన్ని తుడవలేదు. దాని కింద కొత్త వరస మొదలుపెట్టింది.

"చలికాలంలో కాన్పు గది నుంచి పిలుపు వస్తాదని తెలిస్తే బిడ్డకు చుట్టే గుడ్డలు కొంగు కింద కడుపుకాడ పెట్టుకొని కూర్చునేది. చల్లటి గుడ్డ చుడితే బిడ్డ ఉలిక్కిపడతాదని. ఎవరూ చెప్పలేదు. అది ఆమె పని కాదు."

మేమిద్దరం తెర మీదికి వంగి చూస్తున్నాం. వాన చప్పుడు కూడా దూరంగా జరిగినట్టుంది.

"తంబళ్లపల్లె వైపు పల్లెలకు పోయిన జీపు తిరిగొచ్చేదాకా అన్నం తినేది కాదు. అడిగితే ఆకలి లేదనేది."

మళ్లీ ఆగింది. ఈసారి చాలాసేపు. తర్వాత,

"దుప్పట్ల మధ్యలో మనవరాలు దాక్కుంటే, కాళ్లు కనపడతానే ఉంటాయి. అయినా కనపడనట్టు పేరు పెట్టి పిలిచేది. పిల్ల నవ్వేదాకా పిలిచేది."

సోఫియా కళ్ల నుంచి నీళ్లు జారి కీబోర్డు మీద పడ్డాయి. తన నీలం గీతతో ఒక్క మాట రాసింది. "అవ్వా?"

ఆకుపచ్చ గీత కదల్లేదు. నేను లేచి కిటికీ మూద్దామనుకుని మళ్లీ కూర్చున్నాను. కదిలితే అది పోతుందేమోనని భయం. అప్పుడు నీలం మాట పక్కనే ఒక్కో అక్షరం వచ్చింది.

"తిన్నావా పాపా."

సోఫియా వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే క్యారియర్ తెరిచింది. చల్లారిన చిత్రాన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో "తింటాండాను" అని కొట్టింది. ఆకుపచ్చ గీత ఆ మాటలన్నీ చివరి నుంచి ఒక్కొక్కటిగా తుడిచింది. అచ్చులోకి పోకూడదు కదా. తర్వాత గీత మాయమైంది.

ఆ పిల్ల చెయ్యి కడుక్కుని వచ్చి రాయడం మొదలుపెట్టింది. తెల్ల దుప్పట్లు, నెత్తిన నీలం ముక్క, అవతల నుంచి పిలిచే గొంతు, ఇన్నాళ్లూ నాకు చెప్పిందంతా కాగితం మీదికి వచ్చేసింది. కరెంటు వచ్చేసరికి పేజీ నిండింది.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. "మీ ఇంట్లోనే ఎవరో అవ్వ ఫోను తెరిచుంటారు. అడుగు" అన్నాను. సోఫియా నాన్నకు ఫోను చేసింది.

"అవ్వ ఫోను యాడుండాది నాయినా?"

"బీరువాలో పెట్టినా. యాల?"

"ఊరికే" అని పెట్టేసింది. "తాతకు తెలిసుంటుందేమో?" అన్నాను. "తాతా? తాతకు ఫోను ఎత్తేది కూడా రాదక్కా. అవ్వే ఎత్తిచ్చేది. ఎవరైనా కానీలే. అడిగితే ఆగిపోతాదేమో" అంది. కలలో ఉన్నవాళ్లతో వాదన ఏం పెట్టుకుంటాం?

సాయంత్రం ప్రూఫు నా చేతికి వచ్చింది. అచ్చులో ఆ వాక్యాలు ఇంకా బాగున్నాయి. కింద, దానంతట అదే పడిన వరస చూసి నా ఎర్ర పెన్ను లేచింది. "రాసినవారు: జేసన్, సోఫియా, ప్రభావతి."

"పోయినామె పేరు రాసినోళ్లలో యాడైనా ఉంటాదా? జనం నవ్వరా? ప్రెస్సు పరువేం గాను?" అన్నాను.

"నేను వెయ్యలేదక్కా. ఎవురు రాస్తే వాళ్ల పేరు అదే వేసుకుంటాది. రాసినోళ్ల పేరు నేనెట్ల తీసేది?"

నేను పెన్ను మూత పెట్టేశాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో తెలిసి తెలిసి వదిలేసింది అదొక్కటే.

పొద్దున్నే కాగితాల కట్టతో ఇద్దరం కుప్పం బస్సెక్కాం. పుంగనూరులో జేసన్ ఎక్కాడు. పలమనేరు దాటాక వాన మసక అద్దాలకు అంటుకుంది. చెట్లు, మలుపులు, గొర్రెల మందలు అన్నీ పాలలో నానినట్టు కనిపించాయి. సోఫియా కట్ట మీద తల పెట్టి నిద్రపోయింది. నిద్రలో ఒకసారి నవ్వింది. ఎవరు పిలిచారో.

ఇంటి ముందు షామియానా వేశారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో తాత సత్యవేదం. తెల్లచొక్కా గుండీలన్నీ గొంతుదాకా పెట్టుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పాస్టరుగారు లేచి చదవడం మొదలుపెట్టారు. "పాటలు గట్టిగా పాడేవారు" అనగానే షామియానా మొత్తం నవ్వింది. హార్మోనియం ఆయన అందరికన్నా గట్టిగా నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. బిడ్డ గుడ్డల దగ్గరికి వచ్చేసరికి, మదనపల్లె నుంచి వచ్చిన ఒక లావుపాటి ఆయన, ఆ ఆసుపత్రిలోనే పుట్టాడట, తన చేతులు తానే చూసుకుంటూ ఉండిపోయాడు. ఈ జీవితాన్ని ఇంకెవరి జీవితంతో తారుమారు చేసినా పట్టుకోలేని వాళ్లు ఆ షామియానాలో లేరు.

పాస్టరుగారు చివరి వరస కూడా చదివేశారు. "రాసినవారు, జేసన్, సోఫియా, ప్రభా..." అని ఆగిపోయారు. జనంలో గుసగుస పుట్టింది. అందరూ ప్రెస్సు మనిషి ఎవరా అని వెతికి నా వైపు తిరిగారు. నేను కాగితాల కట్ట వెనక దాక్కోవాలని చూశాను.

సోఫియా నాన్న లేచాడు. "మా అమ్మ పేరు యాల ఏసినారు? ఇదేమన్నా ఎగతాళా?"

అప్పుడు సత్యవేదం లేచి నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి ఒక ఫోను తీశాడు. పూల గుడ్డతో కుట్టిన సంచిలో ఉంది అది. కొడుకు నోరు తెరిచాడు.

"నేను బీరువాలో పెట్టిన ఫోను గదా అది..."

"ఆమెకు కండ్లు ఆనవు గదప్పా" అన్నాడు తాత. గొంతు వాడక లేక తుప్పు పట్టినట్టుంది. "ఆమె చెప్పేది, నేను కొట్టేవాణ్ణి. పాపకు దినామూ 'తిన్నావా' అని కొట్టింది నేనే. చెప్పింది ఆమె. ఇదీ అట్లే కొట్టినా. ఆమె ఉండింటే ఏం చెప్తాదో నాకు తెలీదా? కొట్టేవాడి పేరు ఎవురేస్తారు? పేరు ఆమెదే ఉండనీ."

అని కూర్చున్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట కన్న కొడుకు కూడా అంతకు ముందు వినలేదట. పాస్టరుగారు కాగితం మళ్లీ ఎత్తి, తొందర లేకుండా పూర్తి చేశారు. "ప్రభావతి."

సోఫియా వెళ్లి తాత కాళ్ల దగ్గర కూర్చుంది. ఇన్నేళ్లూ రోజూ తనకు అన్నం గుర్తుచేసిన వేళ్లను రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. స్టీరింగు పట్టీ పట్టీ మొద్దుబారిన వేళ్లు. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"తాతా, ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు గదా. ఇంకమీద ఏం కొడ్తావు?" అని అడిగింది.

తాత దగ్గర ఉన్న మాటలన్నీ అప్పటికే అయిపోయాయి కాబోలు. ఫోను సంచిలో పెట్టి, సంచి జేబులో పెట్టుకున్నాడు. భోజనాలకు పిలిస్తే విస్తరి ముందు కూర్చుని, ఊరికే కలిపి వదిలేశాడు.

సోమవారం మధ్యాహ్నం ప్రెస్సులో సోఫియా కొండ వైపు చూస్తూ కూర్చుంది. మబ్బు విడిపోయి కొండ మొత్తం కనిపిస్తోంది. తెర మీద తంబళ్లపల్లె వైపు ఎవరిదో కొత్త కాగితం తెరిచి ఉంది. నాలుగు రంగుల గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ తిరుగుతున్నాయి. క్యారియర్ మూత తీయలేదు.

దాని ఫోను మోగింది. చూసి, నా వైపు తిప్పింది. అవ్వ పేరు మీదే వచ్చింది.

"తిన్నావా పాపా. నేను తిన్నాను."